గుండయ్య చెప్పిన ఇనప మనిషి కథ

గుండయ్య వీసీఆర్ మూత తీసి, పాత ధోవతి ముక్కను స్పిరిట్‌లో ముంచి, లోపల మెరిసే గుండ్రటి దిమ్మను తుడుస్తున్నాడు. మూడుసార్లు కుడికి, ఒకసారి ఎడమకి. ఎందుకలాగని అడిగితే ఆయనకూ తెలియదు. టెంటు సినిమాలో ప్రొజెక్టరు అద్దం తుడిచిన చేతికి అదే లెక్క పట్టుబడింది. తుడవడం అయ్యాక బొడ్లో దోపుకున్న చిన్న మూట విప్పి, ఉప్పద్దిన అల్లం ముక్క ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. మూటకు ముడి సరిగ్గా వెయ్యడం ఆయనకు చేతకాలేదు. రెండు నెలల కిందటి దాకా ఆ ముడి భార్య దేవమ్మ వేసేది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. మెడ సన్నం, గొంతు ముడి పెద్దది. మాట్లాడకుండా ఉన్నప్పుడు ఆయన్ని ఎవరూ రెండోసారి చూడరు. నోరు తెరిస్తే మాత్రం సంతలో బేరాలాడే వాళ్లు కూడా కాసేపు ఆగుతారు. పాతికేళ్లు టెంటు సినిమా వెంట జాతర జాతరకూ తిరిగాడు. హిందీ బొమ్మ ఆడినా, మరాఠీ బొమ్మ ఆడినా, తెర పక్కన నిలబడి తెలుగులో అర్థం చెప్పడం ఆయన పని. తెర మీద పేరు పడే పని కాదు. టెంటు మూతపడ్డాక జహీరాబాద్ చేరి, అమర్నాథ్ వీడియో హాల్లో ఊడ్చే పనికి కుదిరాడు.

హాలంటే మరీ ఊహించుకోవద్దు. బొంబాయి రోడ్డు పక్కన, బస్టాండు ఎదురుగా రేకుల షెడ్డు. ఒకప్పుడు అల్లం బస్తాలు వేసేవారు, ఆ ఘాటు గోడలను ఇంకా వదల్లేదు. పది బల్లలు, ఒక రంగుల టీవీ, కిటికీలకు గోనెపట్టాలు. టీవీ పక్కన తాగే నీళ్ల మట్టి రంజన్, దాని మీద బోర్లించిన అల్యూమినియం గ్లాసు.

నిరుడు, అంటే ఎనభై ఆరులో, లారీ డ్రైవర్ సిద్దప్ప బొంబాయి నుంచి ఎనిమిది క్యాసెట్లు తెచ్చాడు. ఇంగ్లీషు ఫైటింగులనుకుని అమర్నాథ్ తీసుకున్నాడు. వేసి చూస్తే జపాన్ వాళ్ల కార్టూను బొమ్మ. ఐదంతస్తుల ఎత్తున్న ఇనప మనుషులు చుక్కల నడుమ కొట్టుకుంటున్నారు. ఒక్కో ఇనప మనిషి గుండెలో మామూలు మనిషి ఒకడు కూర్చుని దాన్ని నడుపుతున్నాడు. ఒక్క మాటా అర్థం కాదు. అమర్నాథ్ తల పట్టుకుంటే గుండయ్య చీపురు పక్కన పెట్టి, "ఫికర్ జెయ్యకు సేటూ, నేను చెప్త" అన్నాడు.

ఎనిమిదింటినీ ఒంటరిగా కూర్చుని మూడేసిసార్లు చూశాడు. రాక్షసులెవరో తేల్చుకుందామంటే అందులో రాక్షసులు లేరు. ఇటూ మనుషులే, అటూ మనుషులే. ఇద్దరికీ తల్లులున్నారు, ఇద్దరూ ఏడుస్తున్నారు. అది చూసి ఆయనకు మంచి కథ దొరికిందన్న సంతోషం కలిగింది. పై ఊరికీ కింది ఊరికీ నీళ్ల తగాదా అన్నాడు. తెల్ల ఇనప మనిషిని నడిపే కుర్రవాడికి రామ్‌కిషన్ అని పేరు పెట్టాడు. వాడికి కొట్లాట ఇష్టం లేదు, కానీ వాడు తప్ప ఆ యంత్రం ఎవరికీ లొంగదు.

క్యాసెట్ల మీద జపాన్ రాత. ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుసు? టెంటులో రీలు పెట్టెల నంబర్లు చెరిగిపోతే చావులు ఎక్కువున్న పెట్టెను చివర పెట్టేవారు. గుండయ్య అదే పద్ధతి పట్టాడు. ఈ బొమ్మలో మొదటినుంచీ చావులేనని ఆయనకు తట్టలేదు. దాంతో మూడో క్యాసెట్‌లో చచ్చిపోయిన అమ్మాయి ఐదో దాంట్లో నిక్షేపంగా నడిచొచ్చింది. జనం గొల్లుమనబోయారు. గుండయ్య తడుముకోకుండా, "గీమె ఆమె చెల్లెలు. పేరు దేవమ్మ" అన్నాడు.

ఆ సంగతి అల్లం చేనులో కలుపు తీసేవాళ్ల నోట పడి భార్య దాకా వెళ్లింది. "నన్ను సినిమాల వెట్టినవా?" అని దేవమ్మ ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువే వేసింది. హాలుకు మాత్రం ఎన్నడూ రాలేదు. కూలి పోతుందని.

ఎనిమిదో క్యాసెట్ చివర తెల్ల ఇనప మనిషి పొగలోకి నడిచిపోతాడు. అక్కడ బొమ్మ తెగిపోతుంది. మిగతాది గుండయ్య నోటితోనే చెప్పాలి. పొగ సద్దుమణుగుతుంది, ఇనప మనిషి గుండె తలుపు తెరుచుకుంటుంది, రామ్‌కిషన్ దిగి ఇంటికి నడుస్తాడు, గడపలో దేవమ్మ చెంబుతో నీళ్లిస్తుంది. ఇంత చెప్పి గుండయ్య జనం వైపు తిరిగి, "జర నీళ్లియ్యున్రి" అనేవాడు. ముందు బల్ల మీద ఎవరుంటే వాళ్లు లేచి రంజన్‌లోంచి గ్లాసు ముంచి ఇచ్చేవారు. ఆయన తాగితేనే ఆట అయిపోయినట్టు. టెంటు రోజుల నుంచీ ఆయన అడిగిన బహుమానం అదొక్కటే.

ఇవాళ ఎనిమిదో క్యాసెట్ వంతు. పదకొండింటికి అమర్నాథ్ చంకలో టేప్‌రికార్డరుతో వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి.

"ఇయ్యాల్టి సంది నువ్వు గొంతు చించుకునుడు అక్కర్లే గుండన్నా. ఎనిమిదిటికి ఎనిమిది నీ గొంతు పట్టిన దీంట్ల. టీవీ, ఇది ఒక్కపారే మొదలువెడితే అయిపాయె."

గుండయ్య చేతిలో గుడ్డ ఆగింది. "ఎప్పుడు పట్టినవ్ సేటూ?"

"పోయిన రెండు నెలల్ల. గోనెపట్ట ఎనక వెట్టిన. చెప్తే నువ్వు బిగుసుకుంటవని చెప్పలే."

"ఎనిమిదోది ఏ దినం పట్టినవ్?"

అమర్నాథ్ టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టాడు. "మీ ఇంటామె పోయిన తెల్లారి. జనం మస్తు ఏడ్సిన్రు గద. గంత మంచిగ నువ్వెన్నడు చెప్పలే."

దేవమ్మ బీదర్ దవాఖానలో పోయింది. మట్టి చేసి వచ్చిన మర్నాడే సంత రోజు, హాలు కిక్కిరిసి ఉందని కబురు వస్తే గుండయ్య వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఆయన నోట రామ్‌కిషన్ దిగలేదు. దిగి ఎక్కడికి పోతాడు, ఇంట్లో ఎవరున్నారు, ఆ ఇనుములోనే ఉండిపోయాడు అన్నాడు. చెప్పింది ఆ ఒక్కసారే. ఆ క్యాసెట్ తర్వాతి వంతు నుంచి ఆయనకే సిగ్గేసి, మళ్లీ దింపుతూ వచ్చాడు.

"గది తప్పు చెప్పిన సేటూ. ఆఖరు ముక్క ఒక్కటి నన్ను చెప్పనియ్యి."

"తప్పేంది? అసలు కత ఎవనికెరుక? నువ్వేడికి పోతలేవు. ఊడ్సుటానికి, తుడ్సుటానికి ఉండు."

గుండయ్యకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని రెండింటి ఆటకు టికెట్లు చింపాడు. వచ్చినవాళ్లంతా దారిన పోయేవాళ్లే. హుమ్నాబాద్ బస్సు చెడిపోతే కాలక్షేపానికి దూరారు.

లోపలి నుంచి తన గొంతు వినిపించింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. అమ్మాయి మాట వచ్చిన చోట, "దేవమ్మ" అన్నప్పుడు టేపులోని గొంతు వణికింది. ఆ వణుకూ అక్కడే ఉండిపోయింది. ఇక ఈ క్యాసెట్ వంతు వచ్చినప్పుడల్లా వినాలి. బుగ్గన అల్లం ముక్క ఊరక నానుతోంది.

పొగ వచ్చే వేళకు ఆయన లేచాడు. తనకు తెలియకుండానే లోపలికి నడిచి టీవీ పక్కన, తన చోట నిలబడ్డాడు.

"దిగి యేడికి పోతడు? ఇంట్ల ఎవరున్నరు?" అంది టేపు.

"దిగుతడు" అన్నాడు గుండయ్య. ఆయన గొంతు టేపు కన్నా చిన్నగా వచ్చింది. "గిది కాదు బిడ్డా. పిలగాడు దిగుతడు. ఇంటికాడ ఆమె ఉంటది, నీళ్లిస్తది..."

ముందు బల్ల మీది మనిషి విసుక్కున్నాడు. "ఏ ముసలోడా, జరుగు. గుండయ్య అంట, మంచిగ చెప్తుండు. విననియ్యి."

గుండయ్య జరిగాడు.

టేపు ఒకసారి దగ్గింది. "జర నీళ్లియ్యున్రి" అంది. ఎవరో నవ్వారు. "ఎవర్ని అడుగుతున్నట్టు?" అన్నారు ఇంకెవరో. బయట బస్సు హారను మోగితే అందరూ తువ్వాళ్లు దులుపుకుని లేచిపోయారు.

ఆయన బల్లల కింద ఊడ్చాడు. వీసీఆర్‌కు గుడ్డ కప్పాడు. గ్లాసు వైపు చూశాడు కానీ ముట్టుకోలేదు. తనంతట తాను ముంచుకుని తాగడం పాతికేళ్లలో లేదు. తాళం అమర్నాథ్ చేతికిచ్చి, మొగుడంపల్లిలో చెల్లెలు నారమ్మ ఉంది, చూసొస్తానన్నాడు. మళ్లీ రాలేదు. ఏడు నెలలకు సిద్దప్ప లారీ ఆపి, గుండయ్య పోయాడని చెప్పాడు. చివరి రోజుల్లో అసలు మాట్లాడలేదట. అమర్నాథ్ "అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కానీ రెండింటి ఆట వేళయింది, జనం కూర్చుని ఉన్నారు. రెండు మీటలూ ఒక్కసారే నొక్కాడు.

ఆట ముగిసి షెడ్డు ఖాళీ అయ్యాక కూడా టేపు తిరుగుతూనే ఉంది. దగ్గు వచ్చింది, నీళ్లు అడిగింది. రంజన్ మీద అల్యూమినియం గ్లాసు బోర్లించినట్టే ఉంది, పైకి తిరిగిన దాని అడుగు మీద మందాన దుమ్ము.