ఆయమ్మ, గోడమీది పెట్టె

కర్రకు చుట్టిన తడిగుడ్డను చివరి మంచం కిందికి తోసి, ఆయమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. ఇక్కణ్ణుంచి తలుపు దాకా తుడుచుకుంటూ రావాలి. తతిమ్మా ఆయాలు తలుపు వైపు వీపు పెట్టి, వెనక్కి జరుగుతూ తుడుస్తారు. అలా అయితే తడిమీద అడుగు పడదు. ఈమె అలా చేయదు. వెనక ఎవరున్నారో తెలియకుండా వెనక్కి నడవడం ఆమెకు చేతకాదు. ముఖం ముందుకు పెట్టుకునే వస్తుంది. తడిమీద తన అడుగులు తనే వేస్తుంది, మళ్ళీ తిరిగి వాటిని తనే తుడుస్తుంది.

"నీ అడుగులు నువ్వే చెరిపేసుకుంటున్నావు. ఏమన్నా ఎత్తుకెళ్తున్నావేంటి ఆయమ్మా?" మధ్య మంచం మీది టైలరమ్మ అంది.

"నీ దగ్గు ఎత్తుకెళ్తా, ఇస్తావా?"

"నీకు పుణ్యముంటుంది, తీసుకుపో."

అది దగ్గు, ఆయాసం ఉన్న ఆడవాళ్ళ వార్డు. పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. ఒక కొసన తలుపు, దాని పక్కన పెద్ద కిటికీ. రెండో కొసన ఇంకో కిటికీ ఉంది గానీ, దాని చెక్క రెక్కలకు మేకులు కొట్టేశారు. ఒకప్పుడు వెనకవైపు నీళ్ళు కాచే పొయ్యి గొట్టం ఉండేది, పొగ లోపలికి వస్తోందని కొట్టారు. తర్వాత గొట్టం తీసేశారు. మేకులు తీయమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీయలేదు.

తలుపు దగ్గరికి రాగానే ఆయమ్మ తల ఎత్తకుండా కనుగుడ్లు మాత్రం పైకెత్తింది. గోడమీద సబ్బుపెట్టెంత తెల్లటి పెట్టె. దానికో చిన్న దీపం. దీపం పచ్చగానే ఉంది. ఆమె ఊపిరి వదిలింది, అదీ ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ పెట్టె వానలు మొదలైనప్పుడు వచ్చింది. ఆసుపత్రుల్లో గాలి ఎలా ఉంటోంది, కరెంటు ఎక్కువ కాల్చకుండా రోగులకు మేలు ఎలా చేయాలి అని పరిశోధన చేసేవాళ్ళు పంపారట. ఒక అమ్మాయి స్టూలెక్కి, దొరికిన మేకుకు దాన్ని తగిలించి, నవ్వి వెళ్ళిపోయింది. పచ్చగా ఉంటే మంచిది, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే బాగాలేదు అని చెప్పింది. ఎవరు బాగాలేరో చెప్పలేదు. ఆయమ్మకు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. వార్డు శుభ్రం ఎవరి పని? ఆయమ్మ పని. ఎరుపు ఎవరి మీద?

ఊరికే పుట్టిన అనుమానం కాదది. కొన్నేళ్ళ కిందట మెట్ల కింద వేలిముద్రల మిషన్ పెట్టినప్పుడు కూడా అందరూ ఇలాగే నవ్వారు, మీ మంచికే అన్నారు. బట్టలుతికే ఆవిడకు ఏళ్ళ తరబడి సోడానీళ్ళలో నాని వేళ్ళమీది గీతలు అరిగిపోయాయి. మిషన్ ఆమెను గుర్తుపట్టలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని రాలేదంది. ఆ నెల తిరగకుండానే ఆవిడ పని పోయింది. అప్పటినుంచి గోడకు కొత్తగా ఏది మొలిచినా ఆయమ్మ దాని ఎదుట నోరు తెరవదు.

అసలు ఆమె జన్మలో ఒక్కరినే నమ్మింది. అతను పెళ్ళైన కొత్తలో సైకిలుకు పంచరు వేయించుకొస్తానని చెప్పి బయల్దేరాడు. సైకిలు గోడకే ఆని ఉంది. ఆ సంగతి ఆమెకు చీకటిపడ్డాక గానీ తట్టలేదు. అతను మరి రాలేదు. నూలు మిల్లులో పనిచేసే అక్క వచ్చి, తన గదికి తీసుకుపోయింది. అప్పటినుంచి ఇద్దరిదీ ఒకే గది, ఒకే దుప్పటి, ఒకే పోట్లాట.

పెట్టె కింద ఉండే మంచాన్ని ఆయమ్మ గోడకు దూరంగా లాగింది. రోజూ చేసే పనే. ఆ మంచం ఖాళీ. ఖాళీగా ఉంచడానికి ఆమె పడే పాట్లు ఆమెకే తెలుసు. స్ప్రింగు గుచ్చుకుంటుందని ఒకరికి చెబుతుంది, నల్లులున్నాయని ఇంకొకరికి చెబుతుంది. పక్కనున్న కిటికీ బార్లా తీసి, పాత అట్టముక్కతో పెట్టెకు కాసేపు విసిరింది.

"పెళ్ళికొడుక్కి కూడా ఇంత విసరరే," పెద్ద నర్సు ఇంజెక్షన్ ట్రే పట్టుకుని వెళ్తూ అంది.

"మీకేమమ్మా, మీరు పర్మనెంటు."

పెద్ద నర్సు ఆగలేదు. దీపం పచ్చగా ఉంటే ఆవిడకూ హాయే. పెద్ద డాక్టరు ప్రశ్నలు అడగడు.

ఆయమ్మ బక్కెట్టు పెట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుని, మేకుల కిటికీ వైపు నడిచింది. చివరి మంచం మీద అక్క కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. రెండు చేతులూ మంచం అంచుల మీద ఆనించి, ముందుకు వంగి, గాలిని బావిలోంచి తోడినట్టు తోడుకుంటోంది. మిల్లులో మింగిన దూది ఊరికే పోతుందా? ఆ మూల గాలి తడిబట్టల మూటలా ఉంటుంది. మందుల వాసన అక్కడే నిలబడిపోతుంది.

చేరిన రోజు అక్కను తలుపు పక్క మంచం మీదే పడుకోబెట్టారు. సరిగ్గా పెట్టె కింద. అప్పుడు అక్క చుట్టూ నర్సులు, డాక్టరు, ఆయమ్మ. అందరి ఊపిరీ అక్కడే. దీపం పసుపై, చూస్తుండగానే ఎర్రబడింది. అందరూ వెళ్ళాక ఆయమ్మ మంచాన్ని అక్కతో సహా ఈ మూలకు తోసుకొచ్చింది, ఇక్కడి ఖాళీ మంచాన్ని దాని చోటికి మార్చింది. "ఇక్కడ గోల ఉండదక్కా, ప్రశాంతంగా ఉంటుంది," అంది.

"మాత్ర మింగావా?"

"మింగా."

"నాలుక చూపించు."

అక్క నాలుక చూపించింది. ఆయమ్మ నాలుక కింద కూడా చూసింది.

"అద్దంలో నీ మొహం చూసుకుని కూడా ఇది నాదేనా అని అడిగే రకానివే నువ్వు," అక్క మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అంది. "ఆ కిటికీ తెరవకూడదూ?"

"ఆర్డరు లేదక్కా."

"చిన్నప్పుడు నన్నడిగే జామచెట్టెక్కావా?"

ఆయమ్మ దిండు సరిచేసింది.

పొద్దెక్కాక పెట్టె అమ్మాయి వచ్చింది. సన్నగా ఉంటుంది, చెప్పులు చప్పుడు చేయవు. అదీ ఆయమ్మకు నచ్చని సంగతే.

"బాగున్నారా, ఆయమ్మగారూ?"

గారూ అన్నవాళ్ళెవరూ ఇంతవరకు ఊరికే అనలేదు. ఆయమ్మ చీపురు గట్టిగా పట్టుకుంది. "నేనేం ముట్టుకోలేదమ్మా దాన్ని."

అమ్మాయి నవ్వి, పెట్టెకు ఫోను దగ్గరగా పెట్టి చూసింది. కనుబొమలు పైకి లేచాయి. "మీ వార్డు మొత్తం ఆసుపత్రిలోనే నంబర్ వన్. ఇంత బాగుంటుందని మేం అనుకోనే లేదు."

ఆయమ్మ ముఖం విప్పారబోయి ఆగింది. "బాగుంటే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యం. గాలి అస్సలు ఆడని వార్డు ఒక్కటి ఎంచుకుని, ముందు దానికి కిటికీలు వెడల్పు చేయిస్తారు. గాలి లాగే ఫ్యాన్లు పెడతారు. మేమైతే మీదే అనుకున్నాం. ఇప్పుడు పైన మగవాళ్ళ వార్డుకు వెళ్తుంది. సాయంత్రం చెప్పేస్తాను."

"ఎరుపొస్తే తుడిచేవాళ్ళ మీదికి రాదా?"

"తుడవడానికీ దీనికీ సంబంధమే లేదు. మనుషులు వదిలిన ఊపిరి బయటికి పోతోందా, గదిలోనే తిరుగుతోందా, అంతే చూస్తుందిది. మీరోసారి ఊదండి."

ఆయమ్మ ఊదలేదు. ఇరికించే ఎత్తేమో. అమ్మాయే స్టూలెక్కి, పెట్టెమీద నోరు పెట్టి గట్టిగా ఊదింది. కాసేపటికి దీపం పసుపైంది, ఎర్రబడింది. అమ్మాయి కిందికి దిగి పక్కకు జరిగింది. కిటికీ గాలికి అది మెల్లగా మళ్ళీ పచ్చబడింది.

"ఇప్పుడు ఎర్రగా అయింది కదా, తప్పెవరిది?" ఆయమ్మ అడిగింది.

"మనిషి ఊపిరి వదలడం తప్పా? తప్పు గోడది."

అమ్మాయి వెళ్ళిపోయింది. ఆయమ్మ అక్కడే నిలబడింది. వార్డు ఆ చివర అక్క గాలి తోడుకుంటున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు పెట్టెకు వినపడకూడదని దూరంగా పెట్టింది. పెట్టెకు చెవులు లేవట. ఈ పిల్ల మాట నిజమో కాదో? నిజం కాకపోతే, నోరు విప్పినందుకు పని పోతుంది. నిజమైతే? సాయంత్రం కిటికీలు పైకి వెళ్ళిపోతాయి, అక్క ఈ మూలనే ఉంటుంది. రెండూ నమ్మదగ్గ సంగతుల్లా లేవు.

"గుమ్మడికాయ దొంగలా అలా నిలబడ్డావేంటి?" టైలరమ్మ అంది.

ఆయమ్మ చీపురు పారేసి నడవాలోకి నడిచింది. ఆ ఆసుపత్రిలో ఆమె పరుగెత్తడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

"అమ్మాయ్! పాపా! ఆగు." మెట్ల దగ్గర అందుకుంది. రొప్పుతూ చెప్పింది. మంచం ఖాళీగా ఉంచింది తనేనని, కిటికీ తీసి విసిరేది తనేనని, అక్కను మూలకు తోసింది తనేనని. చెబుతున్నంతసేపూ అమ్మాయి కళ్ళనే చూసింది, ఎప్పుడు మారతాయో అని. అవి మారాయి గానీ, కోపంగా కాదు.

"ఇన్నాళ్ళ కొలతలూ..." అని అమ్మాయి గోడ పట్టుకుంది. తర్వాత, "నేనూ మేకు దొరికింది కదా అని తలుపు దగ్గర తగిలించేశాను. ఇంకో చోట పెట్టాల్సింది," అంది.

ఇద్దరూ వెనక్కి వచ్చారు. అమ్మాయి పెట్టె తీసి, అక్క మంచం తలవైపు సెలైను కొక్కేనికి కట్టింది. గ్లాసు మంచినీళ్ళు తాగేంతసేపు పచ్చగా ఉంది. తర్వాత పసుపు. తర్వాత ఎర్రబడి, ఇక మారలేదు. అమ్మాయి దాన్నే చూస్తూ, "నేను సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్తున్నా. మేకులు తీయడానికి ఆర్డరు తెస్తా," అని వెళ్ళింది.

"ఆర్డరొచ్చేసరికి ఈ చెక్కకు చిగుళ్ళొస్తాయి," అంది అక్క.

ఆయమ్మ అటూ ఇటూ చూసింది. ఆక్సిజన్ సిలిండరు తిప్పే పానా తీసుకుంది. దాని మొనను మేకు తల కిందికి దూర్చి, ఒంటి బరువంతా వేసి లాగింది. తుప్పుపట్టిన మేకు కీచుమంది. వార్డంతా లేచి కూర్చుంది. పెద్ద నర్సు గుమ్మంలోకి వచ్చి, "ఆయమ్మా, ఎవరు చెప్పారు నీకు?" అని కేక వేసింది.

"నేనే చెప్పుకున్నా."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయమ్మే ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పెద్ద నర్సు కొక్కేనికి వేలాడుతున్న ఎర్రదీపాన్ని చూసింది, అక్కను చూసింది, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. వద్దనలేదు. ఆఖరి మేకు ఊడగానే రెక్కలు దుమ్ము రాల్చుకుంటూ బయటికి తెరుచుకున్నాయి. వెనక ఖాళీ జాగా, దానిమీద తడిసిన గడ్డి. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి దుప్పట్ల అంచులెత్తింది. టైలరమ్మ దగ్గడం మరచిపోయి చూసింది.

రెక్క ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆయమ్మ ఏదైనా అడ్డుపెడదామని వెతుకుతుంటే, అక్క చెయ్యి పైకెత్తి తన ముడిలోని దువ్వెన లాగి ఇచ్చింది. "ఇది దోపు." ముడి వీడి నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. ఆయమ్మ దువ్వెనను రెక్కకూ చట్రానికీ మధ్య దోపింది. చప్పుడు ఆగింది.

అక్క కళ్ళు మూసుకుని గాలికి ముఖం ఇచ్చింది. "ఈ గాలిని కూడా నాలుక చూపించమంటావా?" అంది. ఆయమ్మకు నవ్వొచ్చింది.

తర్వాత అక్క బన్ను ముక్క పాలల్లో ముంచుకుని తింది. దిండ్లు ఎత్తు చేయించుకుని వెనక్కి వాలింది. ఎన్నో రోజుల తర్వాత వాలింది. ఆయమ్మ మధ్యాహ్నమంతా తన పనిలో పడింది. మూత్రపు గిన్నెలు కడిగింది, దుప్పట్లు మార్చింది. అటు వెళ్ళినప్పుడల్లా అక్క కిటికీ వైపు తల తిప్పి నిద్రపోతోంది. మామూలుగా అయితే ఆయమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. గదిలోనూ అంతే, ఏళ్ళ తరబడి అంతే. ఇవాళ లేపబుద్ధి కాలేదు. గాలి వస్తోంది కదా అనుకుంది. ఆ ఒక్క పూట అనుమానించలేదు.

టీ గ్లాసు తెచ్చి, "అక్కా," అంది. ఇంకోసారి అంది. టైలరమ్మ మంచం దిగి వచ్చి, గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుంది.

డాక్టరు వచ్చాడు, చూశాడు. తెల్లటి బట్ట కప్పారు. పెట్టె అమ్మాయి ఆర్డరు కాగితంతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆయమ్మ ఆమెను చూసి అడిగింది: "నేను ఈ మూలకు తొయ్యకపోతే బతికేదా?"

అమ్మాయి చేతిలోని కాగితం మడిచింది. "నాకు తెలీదు, ఆయమ్మా. జబ్బు చాలా ముదిరిపోయింది. తెలీదు." ఈసారి గారు అనలేదు.

ఆయమ్మ ఆ మాట నమ్మలేదు. నమ్మకుండా ఉండటమూ ఆమెవల్ల కాలేదు. పెట్టె తిప్పి చూసుకుంది. అక్క ఊపిరి లేని ఆ మూల దీపం పచ్చగా ఉంది. ఆమె దాన్ని విప్పి అమ్మాయి చేతిలో పెట్టింది. అక్కను ఎక్కించిన చక్రాల స్ట్రెచరు కదిలింది. పక్కన నడుస్తూ ఆయమ్మ గుమ్మం దాటింది, వెనక ఎవరున్నారో చూసుకోలేదు.

చివరి మంచం మీద కొత్త దుప్పటి వేశారు. పెద్ద నర్సు కిటికీ దగ్గరికి వచ్చి, దువ్వెన తీయబోయి, రెక్క కొట్టుకుంటుందని ఊరుకుంది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న నెరిసిన వెంట్రుక ఒకటి, వచ్చే గాలికి వార్డు లోపలి వైపు సాగి ఊగుతోంది.