ఇసుకలో సరుగుడు

నారాయణ పటేలు చిన్నకొడుకు శ్రీశైలం కోస్తాలోని యూనివర్సిటీకి పోయి, సముద్రతీరాన్ని కాపాడటం, బెస్తపల్లెల్ని బాగుచేయటం నేర్పే చదువులో చేరాడని తెలిసి కేసముద్రం, గూడూరు దిక్కు ఊళ్లన్నీ నవ్వుకున్నాయి. "మన టేషను కేసముద్రం పేరుల ఉన్న సముద్రం సాలలేదా తమ్మీ?" అన్నాడు అన్న వెంకట్రాం. అరవైతొమ్మిది ప్రత్యేక రాష్ట్రం ఉద్యమంలో లాఠీదెబ్బలు తిని చదువు పోగొట్టుకున్న మనిషి. తమ్ముడు ఆ గడ్డకే పోవటం కంట్లో నలుసైంది. సర్టిఫికెట్ లేకుండా వస్తే మొఖం చూడనని చెప్పి మరీ పంపాడు.

అక్కడ హాస్టల్లో శ్రీశైలం నోరు తెరిస్తే చాలు, సినిమాలో జోకర్లాగా వాడి యాస పట్టుకొని ఆటపట్టించేవాళ్లు. పళ్లబిగువున ఓర్చుకున్నాడు. పెద్ద తుఫాను పోయిన రెండో ఏడు ప్రాజెక్టు కోసం వాణ్ని ఒక బెస్తపల్లెకు పంపారు. ఊరి ఒప్పుదలతో ఒక పని చేయాలి, ఆ పని నిలబడితేనే సర్టిఫికెట్.

చారెడు చెల్కను కూడా బీడు పెట్టని ఇంట్లో పుట్టినవాడు. గుడిసెల ముందు అంత ఇసుక ఉత్తగా పడి ఉంటే వాడి చేతులు ఊరుకోలేదు. సరుగుడు పెడితే గాలికి అడ్డముంటుందని ఊరిని కూడేసి చెప్పి, ఏమంటారని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్లో బాపు నారాయణ పటేలు అరుగు మీద కూర్చొని అడిగినప్పుడు ఎవరూ ఏమీ అనకపోతే ఆ పని ఖాయమైనట్టే. చిన్నప్పటినుంచి వాడు చూసిన రివాజు అది. సర్కారు మొక్కలు తెప్పించి పెట్టించేశాడు.

ఊరంతా రెండు వరసలుగా నిలబడి, పెద్దవల తాళ్లు పట్టి వెనక్కి నడుస్తూ లాగే చోటు అదేనని తర్వాత తెలిసింది. తాడు మొక్కలకు తట్టుకుంటోంది. పక్కకు జరిగి లాగితే వల వాలి చేప జారిపోతోంది. సర్కారు మొక్కలు పీకితే కేసవుతుందని ఎవరూ ముట్టరు. వాటిని చూడటానికి ప్రొఫెసరు రాబోతున్నాడు. ఉంచితే పల్లె నోట్లో మట్టి, పీకితే వాడి చదువు మట్టి. ఎటూ తేల్చుకోలేక, జ్వరమని చెప్పి ఇల్లు చేరాడు.

ఇంట్లోనూ ఊపిరాడలేదు. బాపు ఆ పొద్దు తండా నుంచి మంగ్యాను పిలిపించి, తన ట్రాక్టరు బాట వాడి జొన్నచేను నడుమ నుంచి పోతుందని చెప్పాడు. మంగ్యా తువ్వాల చేతికి చుట్టుకుంటూ నేల చూశాడు.

"ఇగ ఒడిసింది. ఒప్పుకున్నడు," అని బాపు కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు గూడ గా సర్టిఫికెట్ కాయితం పట్టుకొని గీడికే రావాలె. పంచాయతి సమితిల నౌకరి మాట్లాడి పెట్టిన. ఏమంటవ్?"

శ్రీశైలం కూడా నేలే చూశాడు.

"వీడు గూడ ఒప్పుకున్నడు," అని బాపు చుట్ట ముట్టించాడు.

ప్రొఫెసరు వచ్చే రోజు దగ్గరపడి శ్రీశైలం తిరిగి బయల్దేరితే, కేసముద్రం పోయే బస్సు దాకా మంగ్యానే పెట్టె మోశాడు. దించి, చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"నువ్వు గూడ ఏమనలే గద, చిన్న పటేలా."

శ్రీశైలం బస్సెక్కాడు. బస్సులో, ఆ తర్వాత రైల్లో, ఆ మాట వాడి పక్కనే కూర్చొని వచ్చింది.

పల్లె చేరేసరికి జనం తాళ్లు పట్టుకొని ఉన్నారు. ఆడవాళ్ల వరసకు ముందుండే మరియమ్మ వాణ్ని చూసి కూడా తాడు లాగుతూనే ఉంది. శ్రీశైలం చెప్పులు విడిచి, తాడుకు అడ్డమున్న మొక్కను మొదలంటా పట్టి పీకాడు. ఇది తను చేసిన పనేననీ, తానే పీకానని ప్రొఫెసరుతో చెబుతాననీ, కేసైతే తన మీదే అవుతుందనీ అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ ముక్క చెబుతుంటే వెంకట్రాం మొఖం, సమితి ఆఫీసు కుర్చీ రెండూ కళ్లముందు ఆడాయి. సర్టిఫికెట్ లేనివాడికి అన్న గడప లేదు. ఉన్నవాడికి బాపు మాట్లాడిపెట్టిన ఆ కుర్చీ తప్పదు.

ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి వాడు దాన్ని ఒప్పుదల అనుకోలేదు. మొక్క చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"నేను మల్ల అడుగుతున్న. మీరు చెప్పేదాక ఇంకోటి ముట్ట."

మరియమ్మ తాడు భుజం మార్చుకుంది.

"ఆ పక్కది కూడా తీసేయ్ బాబూ," అంది. "కాలికి తగుల్తంది."