వంకలమ్మ మూలుగ

మా ఇంట్లో నా పేరు వంకలమ్మ. పెట్టింది మా అమ్మే. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవడం లేదంటే వంక. ఎండలోకి వెళ్తే మొహం మండిపోతోందంటే వంక. నోట్లో పుండ్లని అన్నం మానేస్తే అది మహా వంక. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని నాది. ఓసారి కత్తెర చేతిలోంచి జారి మంచి గుడ్డ పాడైంది. ఇంటికొచ్చి చెప్పుకుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని చేతకాక చేతుల మీదికి నెడుతున్నావా?" అంది.

మా ఇంట్లో ఎవరిని ఏం అడిగినా జవాబు అమ్మ నోటి నుంచే వస్తుంది. చెప్పుల షాపులో నా కాలి సైజు కూడా ఆవిడే చెబుతుంది. పోరు పెట్టగా పెట్టగా ఓసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నన్నడిగితే, "సరిగ్గా తినదండీ, ఎప్పుడూ ఆ ఫోనే" అని ఆవిడే తేల్చేసింది. ఆయన బలానికి మాత్రలు రాసి పంపించాడు. మళ్ళీ వెళ్దామంటే, "నిన్ను చూస్తే డాక్టరుకే జబ్బొస్తుంది" అని నవ్వింది.

ఇలా ఉండగా బస్సు నడిపే మా తమ్ముడికి రక్తంలో జబ్బు బయటపడింది. ఎముకల్లోని మూలుగ మారిస్తేనే బతుకుతాడన్నారు. ఎవరి మూలుగ పడితే వాళ్ళది పనికిరాదట. మన ఒంట్లో ప్రతి కణం మీదా కొన్ని గుర్తులుంటాయని డాక్టరమ్మ చెప్పింది. ఒంటిని కాపలా కాసే కణాలు ఆ గుర్తులు చూసే మనవాళ్ళెవరో బయటివాళ్ళెవరో పోల్చుకుంటాయట. ఆ గుర్తుల్లో వేల రకాలున్నాయి, ఒక్కో జనంలో ఒక్కో రకం ఎక్కువ. దాతల జాబితాలో లక్షలమంది ఉన్నారు గానీ మా రకం జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

"దాతల పేర్లు రాసుకునేవాళ్ళు మా డిపోకి వచ్చినప్పుడు నేనే వెనక గేటు నుంచి జారుకున్నానక్కా," అన్నాడు తమ్ముడు, మంచం మీద పడుకుని. నవ్వబోయాడు, రాలేదు.

ఇంట్లో అందరికీ రక్తం పరీక్షలు చేశారు. నాది అచ్చంగా కలిసింది.

ఆ రోజు నుంచి వంకలమ్మ పోయి బంగారు తల్లి వచ్చింది. ముందు నాకే వడ్డన. ఫ్యాను కింద కుర్చీ నాకే. ఆ ముద్దు ఎందుకో తెలియనంత వెర్రిదాన్నేం కాదు. అయినా కడుపునిండా తిన్నాను. సంతోషంగానే ఉంది, దాచుకోవడం దేనికి?

ఆసుపత్రికి బయల్దేరుతుంటే అమ్మ నా జడ సర్దుతూ, "డాక్టరమ్మ ఏవేవో అడుగుతుంది. ఆ వేళ్ళ సంగతీ అదీ ఎత్తకు," అంది.

"లేని జబ్బు ఎత్తితే ఏం, ఎత్తకపోతే ఏం?"

జడ మాత్రం గట్టిగా బిగించింది.

ఎత్తకూడదనే నేనూ అనుకున్నాను. వాడు నా తమ్ముడు.

డాక్టరమ్మ నా వైపు చూసి, "కీళ్ళ నొప్పులు, పొద్దున్నే చేతులు బిగుసుకుపోవడం, నోట్లో పుండ్లు, అలాంటివేమన్నా ఉన్నాయా?" అని అడిగింది.

"అదా? గుండ్రాయిలా ఉంటుందమ్మా," అంది అమ్మ.

నేను చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

"ఎందుకడుగుతున్నానంటే, మీ ఇంట్లో ఉన్న గుర్తుల రకం అలాంటిది. ఏ కాలంలోనో ఏ మాయదారి జ్వరం నుంచో మీవాళ్ళని కాపాడి ఉంటుంది. ఇప్పుడు కొందరిలో కంచే చేను మేసినట్టు కాపలా కణాలు సొంత ఒంటి మీదే పడతాయి. అందరికీ రాదు, మీ అబ్బాయికి రాలేదు. కానీ ఆ జబ్బున్నవాళ్ళ మూలుగ ఎక్కిస్తే వాడికీ వెంట రావచ్చు."

అమ్మ మొహం మాడిపోయింది. చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి," అంది. "పొద్దున్నే దీనికి వేళ్ళు ముడుచుకోవు, కుడిచెయ్యి మరీనూ. గ్లాసు పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. ఎండ తగిలితే బుగ్గలు రెండూ కందిపోతాయి. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది, నాకు వినబడదనుకుంటుంది. నా కొడుక్కి మాత్రం ఇది రానివ్వకండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

ఇన్నేళ్ళూ నేను చెప్పడం చేతకాక నమ్మలేదనుకున్నాను. నా కంటే బాగా చెప్పింది.

డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కి చూసింది. ఈ మూలుగ వద్దు, జాబితాలో మళ్ళీ వెతుకుదాం, దొరకడం కష్టమే అంది. నాకు వేరే డాక్టరు పేరు రాసిచ్చింది.

బయటికొచ్చాక వరండాలో అమ్మ గోడకి చేరగిలబడి ఏడ్చింది. ఎంతైనా అమ్మ కదా, భుజం మీద చెయ్యి వేశాను. విదిలించుకుంది.

"ముందే గట్టిగా చెప్పి ఏడవొచ్చు కదే! అప్పుడే మందులు వాడి ఉంటే, ఇవాళ వాడికి పనికొచ్చేదానివి," అంది.