ఓడముక్కు మీద పెట్టిన ముద్ద

లింబాద్రి చేసిన తప్పు చాలా చిన్నది. గోడ అవతల పెట్టాల్సిన అన్నం ముద్ద ఇవతల పెట్టాడు, అంతే. ఆ మాత్రం దానికి ఇంత జరుగుతుందా అని మీరు మూతి విరవొచ్చు. విరుద్దురుగాని, ముందు వినండి.

దోహాకు ఉత్తరాన సముద్రం ఒడ్డున జెట్టీ కడుతున్నారు. మెసైమీర్ లేబర్ క్యాంప్ నుంచి కూలీలను రోజూ బస్సులో తీసుకెళ్ళి అక్కడ దింపేవారు. లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. వెంట బామ్మర్ది రత్నాకర్ ఉన్నాడు, భార్య భూమవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. "నా తమ్ముణ్ణి దుబాయ్ తోల్కపోతున్నవ్. మళ్ళ నువ్వే తోల్కరావాలె" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ పంపింది భూమవ్వ. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

మధ్యాహ్నం తిండి తిని అందరూ రేకుల షెడ్డులో ఒక కునుకు తీసేవారు. లింబాద్రి పక్కన కొత్తగా ఒకతను పడుకునేవాడు. కూలీలను అద్దెకిచ్చే ఏదో సప్లై కంపెనీ వాళ్ళు పంపిన మనిషి, అతని భాష అక్కడ ఎవరికీ రాదు. లింబాద్రి సీసాలోనే నీళ్ళు తాగేవాడు, ఖర్జూరాలు దొరికితే సగం లింబాద్రి చేతిలో పెట్టేవాడు. అందరూ అతన్ని భాయ్ అనేవారు. పేరు తెలియని ప్రతివాడూ అక్కడ భాయే.

ఒకరోజు సముద్రం అడుగు తోడే మిషన్‌కు పెద్ద కంచు దిమ్మ తగిలింది. పైకి తీసి ఒడ్డున టార్పాలిన్ కప్పారు. సైట్ ఇంజనీర్ మధుసూదన్‌ది రాజమండ్రి. పాత చరిత్రంటే ఆయనకు ప్రాణం. దిమ్మ మీది గుర్తును రుమాలుతో తుడిచి మురిసిపోయాడు.

"చూడు లింబాద్రీ, ఈ గుర్తు లంగరు. అలెగ్జాండర్ పోయాక ఆయన సేనాపతి సెల్యూకస్ ఓ రాజ్యం పెట్టాడు. వాళ్ళ గుర్తు ఇదే. ఈ సముద్రంలో వాళ్ళ యుద్ధనౌకలు తిరిగేవి. ఈ దిమ్మ ఓడ ముక్కు, దీంతో గుద్దితే అవతలి పడవ చీలిపోవాల్సిందే."

"ఇంత బరువు ఓడను ఎవరు గుంజిండ్రు సార్?"

"వరసలు వరసలుగా కూర్చుని మనుషులే తెడ్లు వేసేవాళ్ళు. లయ తప్పకుండా ఒకడు సన్నాయిలాంటిది ఊదేవాడు. పాపం, ఓడతోపాటే మునిగి ఉంటారు."

ఆ వారంలోనే పెత్రమాస వచ్చింది, పెద్దలకు పెట్టుకునే అమావాస్య. లింబాద్రి తండ్రి చనిపోయింది ఆ ఏడాదే. మధ్యాహ్నం డబ్బాలోని అన్నం తీసుకుని ఒడ్డుకు వెళ్ళాడు. ఓడముక్కు ఎత్తుగా, గద్దెలా కనబడింది. తండ్రి పేరు చెప్పి ఒక ముద్ద, తాత పేరు చెప్పి ఒక ముద్ద పెట్టాడు. వాళ్ళింట్లో ఆఖరి ముద్ద పేరు తెలియనివాళ్ళకు. దాన్ని గోడ అవతల పెడతారు. దిక్కులేనివాళ్ళు అక్కడే తిని, అటునుంచి అటే పోతారు. ఇక్కడ గోడెక్కడిది? ఎండ మాడ్చేస్తోంది. ఆ ముద్దను కూడా తండ్రి ముద్ద పక్కనే పెట్టేసి, "పేరు తెలువనోళ్ళు గూడ తినుండ్రి" అని దండం పెట్టాడు.

సాయంత్రం చూస్తే మెతుకు లేదు. అన్నం పెట్టిన చోట తడిగా ఉప్పు పేరుకుని ఉంది.

మర్నాడు షెడ్డులో రత్నాకర్ నిద్రలో పిడికిళ్ళు బిగించి ఛాతీ దాకా లాగుతున్నాడు, మళ్ళీ ముందుకు తోస్తున్నాడు. "ఏం గుంజుతున్నవ్‌రా, బర్రెనా?" అని లింబాద్రి నవ్వాడు. లేచాక వాడి అరచేతులు చూసి నవ్వు ఎగిరిపోయింది. నిండా బొబ్బలు.

"బావా, కలల తెడ్డు గుంజుడే గుంజుడు. ముందట ఎవడో సన్నాయి ఊదుతుండు."

ఆ తర్వాతి మధ్యాహ్నం లింబాద్రి నిద్రపోలేదు. షెడ్డులో నిద్రపోతున్నవాళ్ళంతా ఒక్కసారే ముందుకు వంగారు, ఒక్కసారే వెనక్కి వాలారు. తోటి కూలీలు ఇస్హాక్, అతీఖ్, గంగాప్రసాద్, భాయ్, అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. రేకులు పాత చెక్కల్లా కిర్రుమన్నాయి. సముద్రం వైపు నుంచి సన్నగా సన్నాయి వినబడుతోంది. రత్నాకర్ లేచి నీళ్ళలోకి నడిచాడు. లింబాద్రి పడుతూ లేస్తూ పరిగెత్తి, నడుం లోతులో దొరకబుచ్చుకున్నాడు.

"ఒక్కడు తక్కువైండట బావా," అన్నాడు రత్నాకర్ కళ్ళు తెరవకుండానే. "ఓడ కదులుతలేదట."

లింబాద్రి వాణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చి పడుకోబెట్టాడు. తిన్నగా మధుసూదన్ దగ్గరికి వెళ్ళి, తెడ్లు వేసినవాళ్ళ పేర్లు కావాలన్నాడు. పేరు పెట్టి పిలిచి సాగనంపుదామని అతని ఆశ.

"వాళ్ళ పేర్లెవరు రాశారయ్యా? సెల్యూకస్, ఆంటియోకస్, ఇవీ మిగిలినవి."

"రాజులతోని నాకేం పని సార్!" అని విసురుగా వచ్చేసి, భూమవ్వకు ఫోన్ చేశాడు. అంతా విని ఆమె మొదట అడిగింది ఒక్కటే.

"ముద్ద ఏడ వెట్టినవ్?"

చెప్పాడు.

"అయ్యో నీ తెలివి మండ! లోపల వెడితె ఆళ్ళు ఇంటోళ్ళయితరు. ఇంటోళ్ళు ఆకలైతె ఇంట్ల మనిషినే అడుగుతరు."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"గీత గియ్యి. ఇవతల నిలవడి మనోళ్ళను పేరు వెట్టి పిల్వు. పిలిస్తెనే మనోళ్ళు. పిలువనోళ్ళు ఇగ ఆళ్ళోళ్ళే." కాసేపు ఆమె ఏడ్చింది. "నా తమ్ముడు పైలం, మంచిగ సూస్కో."

మర్నాడు తిండి వేళకు లింబాద్రి నీళ్ళ అంచున సున్నంతో పొడుగ్గా గీత గీశాడు. గీతకు అవతల ముద్ద పెట్టాడు. సన్నాయి మొదలైంది. షెడ్డులోంచి నిద్రలోనే అందరూ నడిచి వచ్చారు, అతన్ని దాటారు, గీతను దాటారు. మనుషులు నడుస్తున్నా ఎండలో ఒక్కరి నీడా కదల్లేదు.

"రత్నాకర్!"

వాడు ఆగాడు. వెనక్కి వచ్చి, గీత దాటి, ఇసుకలో కూలబడి గుక్కపట్టి ఏడ్చాడు. హమ్మయ్య అనుకున్నాడు లింబాద్రి.

"ఇస్హాక్! అతీఖ్! గంగాప్రసాద్!" పిలిచినవాడల్లా తిరిగి వచ్చాడు. తెలిసిన పేర్లన్నీ గొంతు చించుకుని పిలిచాడు. నీళ్ళలో ఒక్కడు మిగిలాడు, భాయ్.

లింబాద్రి నోరు తెరిచాడు. నోట్లో పేరు లేదు. ఇన్నాళ్ళు ఒకే సీసా నీళ్ళు తాగారు. ఒక్కసారైనా అడగలేదే! వెనక్కి తిరిగి ఇస్హాక్‌ను, అతీఖ్‌ను అడిగాడు. వాళ్ళూ భాయ్ అనే పిలిచేవాళ్ళు.

ఛాతీ లోతులో అతను వెనక్కి తిరిగాడు. నీళ్ళ సీసా కోసం పిలిచినట్టే మామూలుగా పిలిచాడు.

"లింబాద్రి భాయ్!"

పిలిచి, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"భాయ్! ఓ భాయ్!" అని లింబాద్రి అరిచాడు. ఆ అరుపుకు సముద్రం మీద వరసలు వరసలుగా తడి తలలు ఇటు తిరిగాయి. అన్నీ తమనే పిలిచారేమోనన్నట్టు చూశాయి. ఆ భాయ్ మాత్రం ఇంకాసేపు చూసి, తెడ్డు వేసేవాళ్ళ బల్ల మీద కూర్చున్నట్టు నెమ్మదిగా నీళ్ళలో కూర్చున్నాడు. నీళ్ళు మూసుకున్నాయి. సన్నాయి దూరమైంది.

సప్లై కంపెనీ వాళ్ళు అతను పారిపోయాడని తేల్చేశారు. పేరడిగితే నీకెందుకని కసిరారు. లింబాద్రి ఆ నెలలోనే రత్నాకర్‌ను తీసుకెళ్ళి అక్క చేతికి అప్పగించాడు. భూమవ్వ వద్దని కాళ్ళావేళ్ళా పడ్డా తను మాత్రం తిరిగి వచ్చాడు.

ఈ ఏడు పెత్రమాసకు మళ్ళీ ఆ ఒడ్డుకే వెళ్ళాడు. సున్నంతో గీత గీశాడు. పేరు తెలియనివాళ్ళ ముద్ద గీతకు అవతల పెట్టాడు. ఇంకొక ముద్ద, పక్కన రెండు ఖర్జూరాలు, గీతకు ఇవతల తండ్రి ముద్దను ఆనించి పెట్టాడు.

"పేరు తెలువది నాయినా," అన్నాడు తండ్రితో. "గని మనోడే."

ఇంటోళ్ళు ఆకలైతే ఎవర్ని అడుగుతారో అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు. దండం పెట్టి, నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు.