టవర్లో రెండో మనిషి

ఇద్దరు కూర్చోవాల్సిన ఎయిర్‌పోర్టు టవర్లో మార్నా ఎల్లెఫ్సన్ మూడేళ్ళుగా ఒక్కతే నెట్టుకొస్తోంది. గాల్లో ఉన్న పైలట్లతో మాట్లాడేదీ తనే, రన్‌వే మీద తిరిగే బళ్ళతో మాట్లాడేదీ తనే, ఫోనెత్తేదీ తనే. ఇంకో మనిషిని ఇవ్వండి మహాప్రభో అని పైవాళ్ళకు పదకొండు ఉత్తరాలు రాసింది. అన్నిటికీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని. ఏం పరిశీలనో ఆ పరిశీలించే పెద్దమనుషులకే తెలియాలి. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో ఓ మూల ఊరి ఎయిర్‌పోర్టు గొడవ ఎవరికి పట్టింది!

అక్కడ రన్‌వే మీద మంచు తోసే బండి డ్వేన్ క్రామర్ చేతిలో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. బండి రన్‌వే అంచున గీసిన గీతను పూర్తిగా దాటాకే "బయటికొచ్చేశా" అని రేడియోలో చెప్పాలని రూలు. డ్వేన్ మాత్రం గీత ఇంకా ఇరవై గజాల దూరంలో ఉండగానే చెప్పేస్తాడు. ఎలాగూ దాటేస్తాను కదా, పాపం పైలట్లను గాల్లో తిప్పడమెందుకని. ఈ సంగతి అందరికీ తెలుసు. మార్నాకూ తెలుసు. అందుకే ఆమె కిటికీలోంచి ఓసారి చూసుకుని, అప్పుడు విమానాన్ని దిగమనేది.

ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం డ్వేన్ అలవాటుగా చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రన్‌వే ఎప్పుడు తెరుస్తావంటూ ఎయిర్‌పోర్టు మేనేజరు మూడోసారి ప్రాణం తీస్తున్నాడు. అతనికి సర్దిచెబుతూ, కిటికీ వైపు చూడకుండానే, తొమ్మిది మందితో వస్తున్న విమానాన్ని దిగమంది మార్నా. అప్పుడు తల తిప్పి చూసింది. బండి ముందు చక్రాలు పక్కన గట్టులా పేరుకున్న మంచులో కూరుకుపోయాయి. వెనక సగం రన్‌వే మీదే ఉంది. ఫోను విసిరేసి, "దిగొద్దు, పైకి లేపు!" అని మైకులో అరిచింది. విమానం బండి కప్పుకు బారెడు ఎత్తులోంచి వెళ్ళిపోయింది.

కాసేపటికి డ్వేన్ టవర్ మెట్లెక్కి వచ్చాడు.

"రిపోర్టులో నా పేరు రాయకు మార్నా. పెన్షనుకి ఎనిమిది నెలలుంది. అక్టోబరు దాకా లాక్కుపోనీ."

"రాస్తేనే ఇంకో మనిషిని ఇస్తారు డ్వేన్. ఇంతకన్నా రుజువేం కావాలి వాళ్ళకి? నా తప్పు కూడా రాస్తాగా."

డ్వేన్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఏదీ దాచకుండా రాసింది. అతని అలవాటు రాసింది, తను చూడకుండా దిగమన్న సంగతీ రాసింది. ఒక్క మనిషి ఇన్ని పనులు చేస్తే ఎప్పటికైనా ఇంతేనని చివర్లో మొత్తుకుంది.

ఏప్రిల్లో జవాబొచ్చింది. డ్వేన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. మార్నాను మాత్రం మెచ్చుకున్నారు. ఒంటరిగా ఉండి కూడా ప్రమాదం తప్పించింది కాబట్టి ఆ టవర్‌కు ఒక్కరు సరిపోతారని తేలిందట. ఆమె అడిగిన రెండో ఉద్యోగాన్ని రద్దు చేశారు. పైగా అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఒకటి!

మార్నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. దీని కోసమా ఆ మనిషి పొట్ట మీద కొట్టింది?

బండి తాళాలు ఇచ్చేయడానికి డ్వేన్ వచ్చినప్పుడు, పైవాళ్ళ జవాబు కాగితం అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే చదివి బల్ల మీద పెట్టేశాడు.

"చక్రాలు దించకుండా దిగబోయిన వాణ్ణి కింద నుంచి చూసి నీకు చెప్పిందెవరు? బాతుల గుంపొస్తోందని చెప్పిందెవరు? రెండో మనిషి కావాలని పైవాళ్ళకి అన్ని ఉత్తరాలు రాశావు గదా. మరి ఇన్నేళ్ళూ నేనెవర్ని మార్నా?"

ఆమె నోరు విప్పబోయింది. ఇంతలో రేడియోలో ఎవరో దిగడానికి అనుమతి అడిగారు. తప్పదు, అటు తిరిగింది. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరికి కళ్ళు చికిలించి రెండుసార్లు చూసుకుని, దిగమని చెప్పి వెనక్కి తిరిగేసరికి డ్వేన్ లేడు.