ఎర్ర దీపం దగ్గర ఆగిన పాట

రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా ఆర్జెల్లా వంటింటి కిటికీ మూసేసేది. మిసిసిపీ ఎండల్లో తలుపులన్నీ బిగించుకుని బెండకాయలు వేయించే మనిషిని చూసి ఇరుగుపొరుగు ఏమనుకుంటారన్న ధ్యాస కూడా ఉండేది కాదు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆవిడ పని.

ఆ పాట ఆవిడదే మరి. పడుచుతనంలో, మెంఫిస్ హోటలు గదిలో గోడలకు దుప్పట్లు కట్టి రికార్డులు తీస్తున్నారంటే వెళ్ళి పాడింది. ఆ విరహపు బ్లూస్ పాటలంటే సాతాను పాటలని చర్చివాళ్ళు వెలేస్తారు కనక వేరే పేరు చెప్పింది. ఎర్ర దీపం వెలిగితే పాటను చెక్కే మైనప్పలక అయిపోవస్తోందని, ఆలోపు ముగించమని అన్నారు. ఈ పిచ్చితల్లి దీపం చూసి హడలిపోయి, చివరి చరణం సగంలోనే నోరు మూసేసింది. ఇంకో పలక దండగని కంపెనీవాళ్ళూ అలాగే అచ్చువేసి అమ్మేశారు.

అసలు చోద్యం ఆ తర్వాతే. పాతికేళ్ళకు షికాగోలో ఒకాయన కరెంటు గిటారు పట్టుకుని అదే పాట పాడి, అక్కడే ఆపాడు. ఇప్పుడు ఇంగ్లండు కుర్రాళ్ళు జుట్లు పెంచుకుని పాడుతూ వాళ్ళూ అక్కడే ఆపారు. ఆ ఆగడంలో ఎంత దుఃఖం ఉందోనని పత్రికలవాళ్ళు రాశారు. దుఃఖమా నా మొహమా, ఒట్టి భయం.

ఇవాళ ఆర్జెల్లా తెల్లబట్టలు కట్టి చర్చిలో మొదటి బల్ల మీద, సంఘం గౌరవించే పెద్దతల్లుల పక్కన కూర్చునే మనిషి. పోయిన ఏడే, శనివారాలు సారాకొట్లో గిటారు వాయిస్తున్నాడని ఒకణ్ణి పాస్టరు టార్వర్ సంఘంలోంచి తీసేశారు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది ఆ బల్ల, ఆ మనుషులే. అదీ పోతే ఎవరి మొహం చూసి బతుకుతుంది?

శుక్రవారం సాయంత్రం మేనకోడలు వర్నెల్ చర్చి పియానో ముందు కూర్చుని, "అత్తా, ఈ ఆదివారం నువ్వే ముందుండి పాడాలి," అంటూ మొదలుపెట్టింది. రెండు వరుసలు వినేసరికి అది తన పాటేనని ఆర్జెల్లాకు తెలిసిపోయింది.

"ఈ బాణీ ఎక్కడిదే?"

"రేడియోలోది. ప్రియుడా అన్నచోటల్లా ప్రభువా అని పెట్టా. మన కీర్తనలు సగం అలా పుట్టినవేగా."

"పాస్టరుగారు ఊరుకుంటారా?"

"ఆయన రేడియో వింటారా ఏంటి, పాపం."

"నా గొంతు బాలేదే అమ్మాయ్."

"నీ గొంతుకేం, గంటలా ఉంటేను. చివర మాత్రం సగంలో ఆపెయ్యాలత్తా. అందమంతా అక్కడే ఉంది."

కాదంటే ఎందుకంటారు, పాడితే గొంతు గుర్తుపట్టేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రాత్రులూ ఆవిడకు కన్ను మూతపడలేదు.

ఆదివారం గొంతు సన్నం చేసి, ఎవరిదో అన్నట్టు పాడింది. జనం చప్పట్లందుకున్నారు. "పాడమ్మా, పాడు," అన్నారు వెనకబల్లలవాళ్ళు. ఆ ఊపులో గొంతు దాని దారిన అది పాతగొంతైపోయింది.

"ఏరు పొంగి గడప దాటె, ప్రభువా నీవు రావేమి
ఏటికున్న తొందరైనా..."

వర్నెల్ పియానో మీంచి చేతులు ఎత్తేసింది. ఆర్జెల్లా నోరు మాత్రం ఆగలేదు.

"...నీకు లేకపోయెనా."

పాస్టరు టార్వర్ కుర్చీలోంచి సగం లేచారు. "అది రికార్డులో లేదే," అన్నారు. అన్నాక గానీ తాను ఏమన్నదీ ఆయనకు తెలిసిరాలేదు.

తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. సంఘపెద్ద పెటిస్ కళ్ళజోడు తీసి తాపీగా తుడుచుకున్నాడు. "ఏ రికార్డు, పాస్టరుగారూ?"

పాస్టరు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

ఆర్జెల్లావైపు ఒక్కరూ చూడటం లేదు. ఆత్మ దిగివచ్చి ఆ ముక్క పాడించిందనుకుంటారు. మెల్లగా వెళ్ళి కూర్చుంటే చాలు, బతికినన్నాళ్ళూ ఆ బల్ల ఆవిడదే. కానీ పెటిస్ సంగతి ఎరగనిదా? పట్టాడంటే ఉడుంపట్టు, ఇక పాస్టరును వదలడు. ఆ గిటారువాడి ఉసురు పోసుకున్న పాస్టరేగా, అనుభవించనీ అనుకుంది ఒక్కక్షణం. మనసొప్పలేదు.

"నాది, పెటిస్," అంది. "ఆ రికార్డులో పాడింది నేనే. తప్పంటే పాడినదానిది, విన్నవాళ్ళది కాదు."

చెప్పేశాక ఎక్కడికి వెళ్ళి కూర్చోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.