చీకటికి కట్టిన ధర

కంప్యూటర్ వేస్తున్న అంచనాలో వచ్చే ఏడాది మే నెల నడుస్తోంది. సాయంత్రం కాగానే బినలాయ్ దీవిలో కరెంటు పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మనీలా ఆఫీసులో జెనలిన్ కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ చూసింది. దీవిలో డీజిల్ కరెంటు కేంద్రం ఉంది. రిపేరులో లేదు, ట్యాంకులో డీజిల్ ఉంది. అయినా అది చేతులు కట్టుకు కూర్చుంది, ఊరు మాత్రం చీకట్లో ఉంది.

ఆ ఊరు జెనలిన్‌ది. అక్కడి చేపల రేవులో ఆమె అక్క నెనిటా ఐసు ఫ్యాక్టరీ నడుపుతోంది. సముద్రం అడుగున కేబుల్ వేసి దీవిని పెద్ద గ్రిడ్‌తో కలిపిన రోజున ఊరంతా పందిని కాల్చుకుని, బ్యాండు పెట్టించుకుని పండగ చేసుకుంది. ఆ ధైర్యంతోనే నెనిటా ఇంకో పెద్ద మెషిన్ తెప్పిద్దామనుకుంటోంది. "నువ్వు చేసేది కరెంటు లెక్కలేగా, ఒక్క మాట చెప్పవే. అప్పు చేసి కొనమంటావా, వద్దా?" అని పొద్దున్నే ఫోన్ చేసింది. సాయంత్రం చెప్తానంది జెనలిన్.

లెక్కలోనే ఎక్కడో తప్పుండాలని ఆమె మొక్కుకుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు తప్పంటే తలనొప్పి. ఆమెకు ఇవాళ తప్పే కావాలి.

కేబుల్ ఎంత కరెంటు మోయగలదో చూసింది. సరిగ్గానే ఉంది. సాయంత్రం ఊరంతా ఒక్కసారి స్విచ్చులు వేస్తే దానికి చాలదు, మిగతాది డీజిల్ కేంద్రమే ఇవ్వాలి. డీజిల్ ఖర్చు చూసింది. పడవల మీద రావాలి కనుక ఎక్కువే, అందులోనూ తప్పు లేదు. చివరికి ఎవరూ తెరవని గడి ఒకటి తెరిచింది.

ఈ లెక్కల్లో చీకటికీ, అంటే కరెంటు ఇవ్వకపోతే జరిగే నష్టానికీ, ఓ ధర కట్టాలి. లేకపోతే దీపం వెలిగినా ఆరినా కంప్యూటర్‌కి ఒకటే. ఆ ధర ఆకాశమంత వేస్తారు. ఇక్కడ మాత్రం ఎవరో మహానుభావుడు, మార్కెట్లో కరెంటు ఇంతకు మించి అమ్మకూడదని ప్రభుత్వం పెట్టిన ధరనే తెచ్చి వేశాడు. బినలాయ్ డీజిల్ కరెంటు అంతకంటే ఖరీదు. కంప్యూటర్ చౌకైనదే కొంటుంది కదా, చీకటినే కొంది.

జెనలిన్ ఆ అంకె పెంచి మళ్ళీ నడిపించింది. దీవి వెలిగింది. ఆమె పరుగులాంటి నడకతో పెద్దాయన తెయోపిస్తో గదికి వెళ్ళింది. ఆయన బియ్యప్పిండి కేకు, బిబింకా, ముక్క నములుతున్నాడు.

"దొరికింది సార్! చీకటి ధర తప్పు వేశారు. ఎవడో తలమాసినవాడు..."

"నేనే వేశాను."

జెనలిన్ నాలుక కరుచుకుంది.

"కూర్చో అమ్మా. నీ అంకె వేస్తే కంప్యూటర్ డీజిల్ కేంద్రం నడుపుతుంది. దాని ఓనరు నడుపుతాడా? ప్రభుత్వం ధర దాటి అతనికి సెంటావో కూడా రాదు. నష్టానికి నడపడానికి వాళ్ళ తాత సొమ్ముందా?"

"ఇన్నాళ్ళూ నడిపాడుగా సార్! సబ్సిడీ..."

"గ్రిడ్‌లో లేని దీవులకే సబ్సిడీ. కేబుల్ తగిలించుకున్నారు, ఇక ఆ సబ్సిడీ రాదు. పండగ కూడా చేసుకున్నారట!"

ఆ పండగలో జెనలిన్ కూడా డాన్స్ చేసింది.

"పైవాళ్ళకి రాద్దాం సార్," అంది.

"రాయలేదనుకున్నావా? 'మీ సిమ్యులేషన్‌లో ఏదో తేడా ఉంది, సరిచూసి పంపండి' అని తిప్పి పంపుతారు. అందుకే నీకిచ్చాను. కనీసం నీకైనా తప్పు దొరక్కపోతుందా అని ఆశ."

ఆయన బిబింకా పొట్లం ఆమె వైపు జరిపాడు. ఇద్దరూ తినలేదు. ఇంత చదువు చదివి, చీకటి ఎందుకు వస్తుందో తెలుసుకోవడం తప్ప ఏమీ చేయలేనందుకు జెనలిన్‌కు ఏడుపొచ్చింది. వరండాలోకి వెళ్ళేసరికి ఫోన్ మోగింది.

"ఏమైందే? సంతకం పెట్టెయ్యనా?"

"మెషిన్ వద్దక్కా."

"అదేంటే! చేపలు కొంటానని రెండు పడవలవాళ్ళకి మాటిచ్చేశాను. ఐసు లేకుండా అంత చేపని ఏం చేసుకోను?"

"ఉప్పు కొనుక్కో."

నెనిటా పకపకా నవ్వింది. జెనలిన్ నవ్వలేదు. అవతల ఆ నవ్వు మెల్లగా ఆగిపోయేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.